కంపెనీ ట్యాబ్ నన్ను ఒప్పుకోమంది

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు తలెత్తి నిలబడే ధైర్యం నాకిచ్చిన నా తండ్రికి స్తోత్రం! నా పేరు సుజాత, కానీ మీలో చాలామందికి నేను కడుపునొప్పి సుజాతగానే తెలుసు, ఎందుకంటే పోయిన సంవత్సరం ఐదు నెలలపాటు ప్రతి ఆదివారం చెయ్యెత్తి నా కడుపు కోసం ప్రార్థన చేయమని అడిగాను, మీరు కూడా విసుక్కోకుండా చేశారు, పాస్టరమ్మగారైతే నా కోసం మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. అమ్మా, మీరు నన్ను క్షమించాలి! ముద్ద దిగకపోవడం నిజమే, ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నదీ నిజమే, కానీ ఎందుకు దిగడం లేదో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. మా ఆయన కంచం ముందు కూర్చుని, "డాక్టరేమో ఏం లేదంటడు, నువ్వేమో తింటలేవు, ఏందే నీ పరేషాన్?" అని అడిగినప్పుడు కూడా నేను గోడకేసి తిరిగి పడుకున్నాను.

కొత్తూరులో నేను పనిచేసే కంపెనీలో మందుల సీసాలకు ప్లాస్టిక్ మూతలు తయారవుతాయి. అక్కడి మిషన్లన్నిటికీ సెన్సార్లు బిగించారు, ఏ మిషన్ ఎంత వేడెక్కిందో, ఎంత అదురుతోందో ఆ సమాచారమంతా ఇంటర్నెట్ మీద ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు వెళ్లి, దాన్నే క్లౌడ్ అంటారట, అక్కడి నుంచి మా బల్ల మీది ట్యాబ్‌కి వస్తుంది. మొదట్లో నాకు భలే నవ్వొచ్చేది, పది అడుగుల దూరంలో ఉన్న మిషన్‌కి జ్వరం వచ్చిందని మేఘాల్లోకి పోయి వచ్చి చెప్పాలా అని! మా పని ఏమిటంటే, ట్యాబ్ మోగగానే లేచి వెళ్లి మిషన్‌ని చూడాలి, ఫిట్టర్‌ని పిలవాలి, సరిచేయించాలి, ఆ తర్వాతే చూశామని గుర్తుగా పచ్చ బొత్తం నొక్కాలి.

ఆ బల్ల దగ్గర నాతోపాటు లక్ష్మమ్మక్క ఉండేది. శంషాబాద్ అవతల ఊరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం, నాకంటే పదిహేనేళ్లు పెద్దది. తెలుగు చక్కగా చదువుతుంది, ఇంగ్లీషు రాదు, అయినా ఆ ట్యాబ్ నడపడం నా దగ్గర పట్టుబట్టి నేర్చుకుంది, పచ్చది నొక్కడం, ఎర్రది వస్తే పరుగెత్తడం అన్నీ రంగులతోనే గుర్తుపెట్టుకుంది. తాను ట్యాబ్ మీద పనిచేస్తానని చెప్పుకోవడం ఆమెకు ఎంత ముచ్చటో! మేనేజరు సారు కనబడితే చాలు, "సారూ, తెలుగుల పెట్టియ్యిండ్రి, గీ ఇంగ్లీషుల ఏమున్నదో మాకెట్ల ఎర్కైతది?" అని వెంటపడేది. నేను ఒంటిపూట ఉపవాసం ఉంటే, "మీ యేసయ్య నిన్ను తినొద్దన్నడా, నువ్వే పొట్ట తగ్గాలని చూస్తున్నవా?" అని ఆటపట్టించేది, సాయంత్రానికి మాత్రం నా కోసం తన డబ్బాలో రొట్టె దాచి ఉంచేది. సొంత అక్క కూడా నన్ను అంతగా చూసుకోలేదు.

అలాంటి మనిషికి నేను ఏం చేశానో వినండి. ఒకరోజు మధ్యాహ్నం అక్క తన పేరుతో తెరిచిన ట్యాబ్‌ను నాకు అప్పగించి, కాసేపు చూస్తుండమని చెప్పి అన్నానికి వెళ్లింది. ఇద్దరికీ ఒకటే ట్యాబ్ కాబట్టి ఎవరి పేరు తెరిచి ఉంటే వాళ్లే నొక్కినట్టు రికార్డులో పడేది. నేను ఫోనులో మా ఆడపడుచు పంపిన చీరల ఫొటోలు చూస్తున్నాను. ట్యాబ్ మోగింది, ఐదో మిషన్ వేడెక్కుతోందని. చూపు తిప్పకుండానే పచ్చ బొత్తం నొక్కాను. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాను. మూడోసారి కూడా నొక్కాను సహోదరులారా, కుర్చీలోంచి లేవలేదు! అక్క తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికే ఐదో మిషన్ పొగలు కక్కి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుని కృప, కానీ లోపల పంపు పట్టేసి ఆ మిషన్ చాలా రోజులు పనికి రాకుండా పోయింది.

మేనేజరు సారు రికార్డు తీస్తే మూడుసార్లూ లక్ష్మమ్మక్క పేరే ఉంది, అక్క అన్నానికి ఎన్నింటికి వెళ్లిందో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఇంగ్లీషు రాదు కదా, ఏమిటో తెలియక నొక్కేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, నోరు తెరిస్తే నా పని పోతుందన్న భయంతో నాలుక కదల్లేదు. అక్క నావైపు కూడా చూడలేదు, కాస్త ఆలోచించి, "నేనే నొక్కిననేమో సారూ. అన్నానికి పొయ్యే ముందా, వచ్చినంకనా, నాకైతే యాది లేదు. గని మిషిన్ అబద్ధం చెప్పది గదా" అంది. మిషన్ అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను, నోరు మూసుకునే చెప్పాను! ఆ వారమే అక్కను పనిలోంచి తీసేశారు.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. ప్రార్థన మాత్రం మానలేదు సుమా, అదే నా సిగ్గుమాలినతనం! "ప్రభువా, లక్ష్మమ్మక్కకు ఇంతకంటే మంచి పని చూపించు" అని రోజూ మోకాళ్లూనేదాన్ని, నేను చేయాల్సిన పని ఆయన మీద వేసి హాయిగా ఉందామనుకున్నాను, ఆయన నాకు హాయి ఇవ్వలేదు.

ఐదు నెలలకు ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త సదుపాయాలు వచ్చాయని ఇంజనీరుగారు ఒకాయన వచ్చారు, కోస్తా వైపు మనిషి, ప్రతి మాటకూ అండీ అంటారు. "ఇకమీద ఎవరి పిన్ నంబరు వాళ్లకేనండి, ఎవరు నొక్కారో స్పష్టంగా తెలిసిపోతుంది. పది నిమిషాల్లో ఎవరూ నొక్కకపోతే అదే మేనేజరుగారి ఫోనుకు వెళ్లిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా తెలుగు పెట్టామండి, ఇక్కడ ఒకావిడ చాలాసార్లు అడిగారట కదా!" అన్నారు. అడిగిన మనిషి లేదు, అడగని నేను ఉన్నాను.

ఆయన అక్కడ ఉండగానే ట్యాబ్ మోగింది. తెర మీద పెద్ద తెలుగు అక్షరాలు: "ఐదో మిషన్ వేడెక్కుతోంది. ఒప్పుకోండి." కింద చిన్నగా ఇంకొకటి: "తర్వాత గుర్తుచేయండి." అదే ఐదో మిషన్! ఈసారి పరుగెత్తాను, నీళ్ల పైపు వదులైంది, ఫిట్టర్ రెండు నిమిషాల్లో బిగించాడు. తిరిగొచ్చి ఆ బొత్తం నొక్కాలి, అంతే, పని అయిపోయినట్టే, కానీ నా వేలు ముందుకు పోదే! ఇంజనీరుగారు నవ్వుతూ, "ఇంగ్లీషులో అక్నాలెడ్జ్ అని ఉంటుందండి, అంటే చూశామని చెప్పడమే, ఎవరో దాన్ని ఇలా మార్చేశారు, సరిచేయిస్తాం" అన్నారు. అందరూ నవ్వారు. నేను "తర్వాత గుర్తుచేయండి" నొక్కి కూర్చున్నాను, ఐదు నెలలుగా దేవుని దగ్గర నేను నొక్కుతున్నదీ అదే కదా అని అప్పుడే తట్టింది. పది నిమిషాలకు మళ్లీ మోగింది, తెర మీద ఇలా ఉంది: "ఎవరూ ఒప్పుకోలేదు. పైవారికి తెలియజేయబడింది."

సహోదరులారా, కంపెనీ వాళ్లు పైవారంటే మేనేజరు అనే రాశారు, నాకు తెలుసు, కానీ నాకు వినబడింది మేనేజరు పేరు కాదు! ఆ కుర్చీలోనే కళ్లు మూసుకున్నాను. "తండ్రీ, నేనే నొక్కాను. అక్క కాదు, నేనే. చీరలు చూస్తూ, లేవకుండా నొక్కాను. నీకు ముందే తెలుసు, నేను చెప్పడానికే నువ్వు ఆగావు. నా పని పోతే పోనీ, నా నోరు తెరువు తండ్రీ!" కళ్లు తెరిచేసరికి మేనేజరు సారు నా ఎదురుగా ఉన్నారు, ఫోను మోగి కిందికి దిగి వచ్చారు, "ఏందమ్మా, మిషన్ మంచిగైంది గదా, ఎందుకు నొక్కలే?" అన్నారు. "సార్, ఆ రోజు నొక్కింది నేను" అన్నాను.

ఆయన కాగితం ఇచ్చి అంతా రాయమన్నారు, నన్ను ప్యాకింగ్‌కి మార్చారు, పనిలోంచి తీయలేదు, అది నాకు దక్కాల్సింది కాదు. "లక్ష్మమ్మకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అన్నారు. నేనే చెప్తానన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన బండి మీద అక్క వాళ్ల ఊరికి వెళ్లాం. అక్క వాకిట్లో బంతిపూలు తెంపి రాశి పోస్తోంది. నన్ను చూడగానే, "గిన్ని దినాలకు యాదికొచ్చిన్నా బిడ్డా?" అని ఎంత సంబరపడిందో, మంచం వాల్చి, నీళ్లిచ్చి! నేను జరిగిందంతా చెప్పాను. సరిగ్గా అప్పుడే శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే విమానం మా తలల మీదుగా దిగుతోంది, ఆ చప్పుడుకు ఆమెకు ఒక్క మాటా వినబడలేదు, "ఏమన్నవ్?" అంది. ఆ మాటలు నేను రెండోసారి మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

అక్క నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే, "అయితే నేను నొక్కలేదా?" నొక్కలేదన్నాను. "ఒక్కసారి గూడ నొక్కలేదా?" లేదక్కా అన్నాను. చేతిలో పూలు అట్లాగే జారిపోయాయి. "నా దిమాగ్ ఖరాబైందనుకున్న గదనే! చేసిన పని నాకే యాది లేదంటే ఇగ నేనేం మనిషినని. పొయ్యి బంద్ చేసిన్నా లేదా అని మూడుమూడుసార్లు లేస్తున్న. తాళం ఏసి సగం తొవ్వకెల్లి మల్లొచ్చి చూస్తున్న. మనుమరాలిని ఎత్తుకోవాలంటే భయం, యాడ మర్చిపోతనో అని" అంటూ ఏడ్చింది. నేను ఆమె పని ఒక్కటే తీశాననుకున్నాను, సహోదరులారా, ఆమె మీద ఆమెకున్న నమ్మకాన్నే తీసేశాను! నా వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చింది, మళ్లీ ఇంకొకటిచ్చింది, "ఇగ పో" అంది. నేను వచ్చేశాను.

మూడో రోజు కంపెనీ వాళ్లు అక్కను పిలిపించి, అందరి ముందూ తప్పు ఆమెది కాదని చెప్పి మళ్లీ ట్యాబ్ దగ్గర కూర్చోబెట్టారు. మధ్యాహ్నం ప్యాకింగ్ దగ్గరికి వచ్చి, నా వైపు చూడకుండానే గోంగూర డబ్బా నా ముందుకు తోసి, "తిను. సన్నగ చిక్కి సస్తే అది గూడ నా పేరు మీదనే రాస్తరు" అంది. నేను ఏడుస్తూ తిన్నాను, తిన్నదంతా దిగింది! స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు నా తండ్రికి!

ఇది నా గొప్ప కాదు, ఘనతంతా నన్ను వదిలిపెట్టని ఆయనదే. ఇక్కడ మీలో ఎవరైనా ఒక మాట మింగేసి దానికి ఇంకో పేరు పెట్టి ప్రార్థన చేయించుకుంటుంటే, ఆయన్ని నమ్మండి, ఆయన మిమ్మల్ని సిగ్గుపరచి వదిలేసేవాడు కాడు. ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్ల ఇంటికి ఈ రోజే వెళ్లండి, ఎందుకంటే మీరు మోస్తున్నదానికంటే బరువైనది వాళ్లు మోస్తూ ఉండవచ్చు, అది దించగలిగినవాళ్లు మీరు ఒక్కరే.

నేను సాక్ష్యం చెబుతున్నానని తెలిసి ఈ రోజు లక్ష్మమ్మక్క వచ్చింది, అదిగో వెనక వరుసలో, మనుమరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మీ దేవుని కోసం రాలేదని, నేను ఉన్నదున్నట్టు చెబుతానో లేదో చూడ్డానికి వచ్చానని గుమ్మంలోనే తేల్చి చెప్పింది. అక్కా, ఏమైనా తప్పు చెప్పి ఉంటే ఇప్పుడే లేచి చెప్పు, అందరూ వింటారు. నాకు యాది లేనిదేదైనా ఉంటే, నీకు యాది ఉన్నదే నిజం.