మాగాయ జాడీలో మడత చాకు

ఒక పెద్ద కుటుంబం ఏడాది పొడుగునా తినవలసిన మాగాయను మూడే మూడు రోజుల్లో సిరాగా మార్చిన ఘనుడెవరని చల్లపల్లిలో మా అత్తవారి వీధిలో అడిగి చూడండి. పెద్దవాళ్ళెవరైనా మిగిలి ఉంటే వేలు నా వైపే చూపిస్తారు. ఆ వేలు న్యాయమైనదే. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. నాకు ఇరవై రెండేళ్ళు. బెజవాడ బజారులో మా నాన్నగారి బట్టల కొట్లో గజంబద్ద పట్టుకుని కూర్చునేవాణ్ణి. నాలుగు గుమ్మాల అవతల కరీం భాయి దుకాణం. పటాలం వాళ్ళు అమ్ముకుపోయిన బూట్లు, లాంతర్లు, నీళ్ళ సీసాలు అక్కడ గుట్టలుగా పడి ఉండేవి. ఒకరోజు ఆయన ఆ గుట్టలోంచి వేలెడంత మడత చాకు తీసి, గోటితో బ్లేడు విప్పాడు. అందులో నా మీసం నాకు కనిపించింది. అసలు అద్దంలోనే సరిగా కనిపించని మీసమది.

"స్టెయిన్‌లెస్ స్టీలు, అబ్బాయిగారూ. కృష్ణలో పడేసి పై ఏడు తీసినా ఈ బ్లేడుకు తుప్పు పట్టదు" అన్నాడు.

ఇంకేం కావాలి? కొనేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త చాకు కొన్నవాడు పొద్దూ ఎరగడు, పక్కవాడి వేలూ ఎరగడు. వారం తిరిగేసరికి కొట్లో చెక్కని పెన్సిలు లేదు, తెంపని పురికొస లేదు. కాళ్ళ గోళ్ళు కూడా దానితోనే తీసుకున్నాను. పిట్ట కొంచెం కూత ఘనమన్నట్టు, చాకు కొంచెం, నేను కోసే కోతలు ఘనం.

ఆ ఊపులోనే మా ఆవిడ సుభద్రతో కలిసి చల్లపల్లి వెళ్ళాను. మా మామగారికి నాలుగు మగ్గాలుండేవి. మేం వెళ్ళేసరికి మగ్గాల చప్పుడు మధ్య, వసారాలో మామిడికాయల రాశి. మా అత్తగారూ, ఆవిడ కొత్త కోడలు రుక్మిణీ కూర్చుని ఆల్చిప్పలతో కాయల చెక్కు తీస్తున్నారు. చాకు బయటికి తియ్యడానికి నా ప్రాణం కొట్టుకుపోయింది.

"ఆల్చిప్పలెందుకండీ? ఈ చాకుతో క్షణంలో తీసి పెడతాను" అన్నాను.

"వద్దులెండి. ఇనుము తగిలితే ముక్క నల్లబడుద్ది" అన్నారు అత్తగారు.

"ఇది ఇనుము కాదండీ, స్టెయిన్‌లెస్ స్టీలు. మీ ఉప్పులో మూడు రోజులు నానబెట్టినా చుక్క తుప్పు రాదు."

"ఏ పేరు పెట్టుకున్నా ఇనుము ఇనుమే అల్లుడుగారూ."

మా మామగారు మగ్గం గుంటలోంచి చూసి నవ్వారు. సుభద్ర కూడా నవ్వింది. అదే నాకు గుచ్చుకుంది. బెజవాడ వాణ్ణి, పైగా కొత్త అల్లుణ్ణి, నా మాట ఆల్చిప్పపాటి చెయ్యదా?

ఆ సాయంత్రం రుక్మిణి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీకెత్తింది. ఆడవాళ్ళు పెరట్లోకి వెళ్ళారు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఎవరి చెయ్యీ తెగకూడదని చాకును జాగ్రత్తగా మడిచి, ముక్కల అడుగుకు తోసి, జాడీ మూతికి వాసెన గుడ్డ మళ్ళీ కట్టేశాను. మూడోనాడు పదిమందిలో దాన్ని తళతళలాడించి, అత్తగారి చేత ఔననిపించాలని నా పథకం.

ఆ మూడు రోజులూ నేను ఆ ఇంట్లో గుంభనగా తిరిగిన తీరు చూసి, ఏదో శుభవార్త దాస్తున్నానని అందరూ అనుకున్నారట.

మూడోనాడు ఉదయం ముక్కలు పిండి ఎండబెట్టడానికి జాడీ వసారాలోకి తెచ్చారు. ఇరుగమ్మా పొరుగమ్మా చేతి సాయానికి వచ్చారు. నేను గొంతు సవరించుకుంటున్నాను. అత్తగారు వాసెన విప్పి, అలాగే ఉండిపోయారు.

పచ్చగా ఉండవలసిన ఊట నల్లగా ఉంది. అందులో కలం ముంచితే దస్తావేజు రాయవచ్చు.

"తడి చెయ్యి తగిలుంటుంది" అంది ఇరుగమ్మ.

"జాడీ ఎండబెట్టారో లేదో" అంది పొరుగమ్మ.

అందరి చూపులూ రుక్మిణి మీదికి తిరిగాయి. ఆ పిల్ల కాపురానికొచ్చి నాలుగు నెలలు. ఆ ఇంట్లో ఆమెకు మొదటిసారి అప్పగించిన పెద్ద పని అది.

"లేదత్తయ్యా, రెండు రోజులు ఎండలో పెట్టాను. చేతులు తుడుచుకునే కలిపాను" అంది.

"మరెట్టా అయింది? ఇరవయ్యేళ్ళుగా ఎప్పుడూ ఇట్టా కాలేదు" అన్నారు అత్తగారు.

రుక్మిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ పారిపోవడానికి వీధి గుమ్మం ఎంత దూరమా అని చూస్తున్న నాకు, ఆ నీళ్ళు చూశాక కాళ్ళు కదలలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, జాడీ దగ్గర చతికిలబడి, మోచేతి వరకూ ఆ నల్ల ఊటలో ముంచాను.

"ఏంటండీ ఆ పని?" అంది సుభద్ర.

తడిమి తడిమి చాకు పైకి తీశాను. పిడి కీళ్ళలోంచి కాటుక కారుతోంది.

"రుక్మిణమ్మ తప్పేమీ లేదు. ఇది నేను వేశాను" అన్నాను.

మామగారు చాకు అందుకుని విప్పబోయారు. రాలేదు. లోపలి స్ప్రింగూ మేకులూ మామూలు ఇనుమట. తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కరీం భాయి పాపం బ్లేడు గురించే చెప్పాడు. తక్కినదంతా నేనే ఊహించుకున్నాను. చివరికి మామగారు పటకారు తెచ్చి, పళ్ళు బిగించి లాగితే బ్లేడు కిర్రుమంటూ బయటికొచ్చింది.

దాని మీద మచ్చ లేదు. ఎండలో ధగధగా మెరిసింది.

అక్కడైనా ఊరుకోవాలా, వద్దా? మోచేతి నుంచి నల్లనీళ్ళు కారుతూనే ఉన్నాయి, నేను మాత్రం గర్వంగా అన్నాను: "చూశారా అత్తయ్యగారూ, దీనికి తుప్పు పట్టలేదు."

అత్తగారు బ్లేడును చూశారు. జాడీని చూశారు. నన్ను చూశారు.

"అవునండీ, మాగాయకే పట్టింది" అన్నారు.

ముందు నవ్వింది రుక్మిణి. కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక గోడవైపు తిరిగింది. ఆ తరవాత మామగారు, ఇరుగమ్మ, పొరుగమ్మ, మగ్గాల దగ్గరి వాళ్ళు. సుభద్ర నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. అత్తగారు మాత్రం నవ్వకుండా లోపలికెళ్ళి ఒక ఆల్చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టారు. మర్నాడు వచ్చిన కొత్త కాయలన్నిటికీ చెక్కు తీసింది నేనే. రుక్మిణి పక్కన కూర్చుని, "అన్నయ్యగారూ, తొక్క ఇంకా పల్చగా రావాలండీ" అని దిద్దుతూ వచ్చింది.

పని ముగిశాక చేతులు కడుక్కుని, తూర్పుముఖంగా నిలబడి, ఇంటిల్లిపాది ఎదుటా ప్రమాణం చేశాను: "ఈ జన్మలో తినడానికి తప్ప మరెందుకూ ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టను."

"తినటానికీ పెట్టొద్దు. నేను వడ్డిస్తా" అన్నారు అత్తగారు.

సవరించిన ఆ ప్రమాణాన్నే నేటి వరకూ అక్షరాలా పాటిస్తున్నాను.