కుడి ముక్కులోంచి కారిన నీరు

మా ముత్తాత కొండాపూర్ దిక్కున పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత పోలీసుపటేలు, ఆయన వాకిట్లోకి వస్తే పట్వారీ కూడా లేచి నిలబడేవాడు. నాన్న రెండుసార్లు సర్పంచ్. నేను పటాన్‌చెరులో ఒక గోదాము చూసుకుంటాను. వెన్ను నిటారుగా పెట్టుకుని నడవడం మాత్రం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

హత్నూర దారిలో స్కూటర్ జారి నుదురు రాయికి తగిలింది. కుట్లు మానాక కుడి ముక్కులోంచి నీళ్లు కారడం మొదలైంది. పలచగా, ఉప్పగా ఉండేవి. జలుబనుకున్నాను. మా ఇంటి మగవాళ్లు నలుగురి ముందు ముక్కు తుడుచుకోరు. తల వెనక్కి వాల్చి మింగేస్తారు. మూడు నెలలు అలాగే మింగాను.

నా భార్య కనిపెట్టింది. "జలుబైతే రెండు దిక్కులా కారాలె. మీకు ఒక్క దిక్కే కారవట్టె. ముక్కుకు గూడ దొరతనమేనా?" అని సంగారెడ్డిలో ముక్కు, చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ చిన్న సీసా ఇచ్చి, "తల కిందికి వంచి దీంట్ల పట్టుండ్రి" అంది. నేను నిటారుగానే కూర్చున్నాను.

"గట్ల కూసుంటే ఎట్ల పడ్తది, పెద్దాయనా? నాకు సలాం కొట్టుమంటలేను, జెర వంగుమంటున్న."

నా భార్య అటు తిరిగి నవ్వింది. వంగాను. చుక్కలు టపటపా రాలాయి.

అది మెదడు చుట్టూ ఉండే నీరని పరీక్షలో తేలింది. దెబ్బకు పుర్రె అడుగున సన్నగా పగిలింది. నీరు బయటికొచ్చే దారిలోనే క్రిములు లోపలికి పోతే మెదడు జ్వరం వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. "మింగితే రోగం దాగుతది, ఆగదు" అంది డాక్టరమ్మ.

తొడలోంచి చిన్న పొర తీసి, ముక్కులోంచే పోయి ఆ పగులు మూశారు. ఆ తర్వాత నెల రోజులు తల ఎత్తున పెట్టుకుని పడుకోవాలి. ముక్కు చీదకూడదు, బరువెత్తకూడదు, ముక్కకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఒక్కటీ తప్పలేదు. "ఈ పెద్దాయనను సూసి నేర్సుకోండ్రి" అని ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సు పక్క మంచాల వాళ్లకు చెప్పేది. మా తాతకు దక్కిన దండాలకంటే ఆ మాట తక్కువదని నేననుకోను.

నెల తర్వాత డాక్టరమ్మ వంగమంది. చుక్క పడలేదు.

రేషన్ కార్డుంటే ప్రభుత్వ ఖర్చుతో ఉచితంగా అయ్యే ఆపరేషనే అది. ఆ కార్డు మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఖర్చుల కోసం కొండాపూర్‌లో మిగిలిన ఎకరం చెలక ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మాను.