అరుగు మీద జపం

మంగళవారం పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే మా ఆఖరి చెల్లెలు ఫోన్ చేసింది. "పెద్దక్కా, అమ్మ పోయింది," అని కాసేపు ఏడ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎర్రుపాలెం నుంచి ఆమె తమ్ముడు బయలెల్లిండట. పంచె తెస్తున్నడట," అంది. నూనెలో ముంచిన ఒత్తి నా చేతిలోనే ఉండిపోయింది.

అమ్మంటే మా కన్నతల్లి కాదు. మీలో కొందరు ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్లే. మణుగూరులో గని కాలనీ వెనక, రేకుల ఇల్లు. ఆమెను మగపిల్లవాడని పేరు పెట్టి పెంచారు. ఊహ తెలిసినప్పటి నుంచి తాను ఆడదాన్నే అనేది. మా చెల్లెలు కూడా అంతే. మా ఇంట్లో తమ్ముడిగా పుట్టింది. అలాంటివాళ్లందరికీ ఆమె అమ్మ. నాకంటే రెండేళ్లు చిన్నదైనా నేనూ అమ్మ అనే పిలిచాను.

"పోయినా చీరలనే పోవాలె, పెద్దక్కా. గదొక్కటి జూడు," అని నాతో ఎన్నోసార్లు అంది.

ఆదివారం మధ్యాహ్నం, గల్లీ అంతా తిని పడుకున్న వేళ, ఒక్కొక్కరే ఆ ఇంటికి వచ్చేవారు. మధిర నుంచి, భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి. వచ్చేటప్పుడు చొక్కా ప్యాంటు. తలుపు మూశాక చీరలు. ఒక వారం ఆసుపత్రి నర్సమ్మలా, ఒక వారం పెళ్లికూతురిలా అని అమ్మ చెప్పేది. ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. బాగా నడిచినవాళ్ల జడలో మూర మల్లెపూలు.

"ఏం వేషాలమ్మా ఇవి?" అన్నాను మొదటిసారి.

"వేషం బయట, అక్కా. ఈడ ఇప్పుతరు."

నేను ఆ రోజు చెల్లెల్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చాను. అంతకు ముందు నెలే బస్టాండులో నలుగురు పట్టుకుని దాని జుట్టు కత్తిరించారు. దానిది గనిలో కాంట్రాక్టు పని. ఎవరి కంటైనా పడితే అదీ పోతుంది. అమ్మ నాతో వాదించలేదు. అరుగు మీద చాప వేసి, చాయ్ ఇచ్చింది. "భయమైతే ఈడ కూసో. నీ జపం నువ్వు జేస్కో. ఎవరన్న వస్తే జర గట్టిగ చదువు, మేం సర్దుకుంటం."

అలా నా రామనామం కాపలా అయింది. పూసకొకసారి గల్లీ చివరికి చూసేదాన్ని. మెల్లగా చదివితే క్షేమం.

ఒక ఆదివారం మాత్రం కళ్లు మూసుకుని జపంలో మునిగిపోయాను. గొంతు దానంతటదే లేచింది. లోపల ఒకటే గడబిడ. తలుపు తీసుకుని బయటికొచ్చారు. గుండీలు తప్పిన చొక్కాలు, నొసట బొట్లు, ఒకరికి చీర మీదే లుంగీ. గల్లీలో కోడి తప్ప ఎవరూ లేరు. మెడలో టేపుతో అమ్మ చివర వచ్చి అటూ ఇటూ చూసింది.

"ఎవరొచ్చిన్రు?"

"ఎవరూ రాలే. దేవుని మీదికి మనసు పోయింది."

"దేవుడొస్తే గూడ చొక్కాలేసుకోవాల్నా, అక్కా, మేం?"

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. జపానికి కూర్చున్న ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

ఇంకోసారి అమ్మ 'ఇంటి పెద్దదిక్కు'లా నడవమని చెప్పింది. తలుపు సందులోంచి చూశాను. మా చెల్లెలు కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిలో జపమాల తిప్పుతూ, మాటిమాటికీ వెనక్కి చూస్తూ నడుస్తోంది. "అచ్చం గట్లనే! జపం తక్కువ, గల్లీ జూసుడెక్కువ," అని ఎవరో అరిచారు. ఆ రోజు మల్లెపూలు దానికే.

ఆ మంగళవారం నేను చేరేసరికి లోపల అమ్మకు స్నానం అయింది, చీర కడుతున్నారు. నేను మాల తీసుకుని నా చోట కూర్చున్నాను. కాసేపటికి గల్లీ మొదట్లో ఆమె తమ్ముడు కనిపించాడు. చంకలో కాగితం పొట్లం. అలవాటు ప్రకారం నా గొంతు లేవాలి. లోపల మాటలు ఆగిపోయాయి. నా గొంతే వింటున్నారని తెలుసు.

మెల్లగానే చదివాను.

"లోపల ఏం చేస్తన్నారు?" అన్నాడు.

"మీ అక్కకు చీర గడుతున్నరు. కూసో, తమ్ముడూ."

"అక్కేంటండీ? మా అన్న. ఊళ్లో మొహం ఎట్టా చూపించమంటారు?"

"ఆడబిడ్డ పోతే పుట్టింటోళ్లు చీర తెస్తరు. నువ్వేం తెచ్చినవ్?"

అతను పొట్లం అరుగు మీద పడేసి బజారు వైపు వెళ్లిపోయాడు. చెల్లెలు తలుపు సందులోంచి, "మనుషుల్ని తోల్కరానీకి పోయిండా?" అంది.

"తెల్వదు. కట్టుడు ఆపకండి."

వేళ్లు ఒకే పూస మీద ఆగిపోయాయి. నామం మాత్రం ఆపలేదు. ఎంతసేపైందో తెలియదు. అతను ఒక్కడే వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆకుపచ్చ చీర. గడప మీద పెట్టి, "పుట్టింటిదని చెప్పండి," అన్నాడు. లోపలికి రాలేదు. ఎండలో గల్లీలోనే నిలబడ్డాడు.

ఆ చీరను అమ్మ మీద కప్పి తీసుకెళ్లాం.

సాయంత్రం అరుగు కడుగుదామని బకెట్ తెచ్చాను. నేను కూర్చునే చోటి పక్కన, అతను పడేసినప్పుడు విడిపోయిన కాగితంలో, తెల్లటి పంచె. మడత విప్పలేదు.