మూడోసారి మొదలైన రిపోర్టు

2022 జూన్. జనగామలో విత్తనాలు, ఎరువులు అమ్మే ఒక వ్యాపార సంస్థలో సర్వర్ చూసుకునే ఉద్యోగం నాది. ప్రధాన దుకాణం జనగామలోనే. కొడకండ్ల, పెద్దవంగర, బయ్యారంలలో శాఖలుండేవి. నాలుగు చోట్లా కొట్టే ప్రతి బిల్లూ మా మేడమీది గదిలో ఉన్న ఒకే ఒక్క సర్వర్‌కు చేరాలి. అది మొరాయిస్తే నాలుగు కౌంటర్లూ ఆగిపోతాయి.

ఆ ఏడు తొలకరి ముందే పలకరించి, తర్వాత వారం పైనే మొహం చాటేసింది. మళ్లీ గట్టి వాన పడ్డ మరునాడు పొద్దున్నే దుకాణాల ముందు రైతులు బారులు తీరారు. పదింటికి బయ్యారం నుంచి ఫోన్ వచ్చింది, బిల్లు ప్రింటు కావడం లేదని. ఆ వెంటనే కొడకండ్ల నుంచి. సర్వర్‌లో నడిచే ప్రతి పనినీ మేం ప్రాసెస్ అంటాం. ఏది ఎంత శక్తి తింటున్నదీ తెరమీద కనబడుతుంది. చూస్తే, పెద్దవంగర శాఖలో మొదలైన ఒక రిపోర్టు దాదాపు సర్వర్ మొత్తాన్నీ మింగేస్తోంది. ఇలా అదుపు తప్పిన పనికి రన్‌అవే జాబ్ అని పేరు. దానికి నాకు తెలిసిన మందు కిల్, అంటే ఒక్క ఆదేశంతో ఆపేయడం. ఆపేశాను. బిల్లులు కదిలాయి.

పావుగంటకు అదే రిపోర్టు, అదే శాఖ నుంచి. మళ్లీ ఆపేశాను, ఈసారి కోపంగా. మూడోసారి కనబడేసరికి ఆ లాగిన్‌నే మూసేద్దామనుకున్నాను. కానీ మూస్తే అక్కడి బిల్లులూ ఆగిపోతాయి. అందుకే ముందు ఫోన్ చేశాను.

పెద్దవంగరలో కంప్యూటర్ చూసేది సుజాత. అప్పటికి రెండేళ్లుగా పనిచేస్తోంది. నెమ్మదస్తురాలు.

"పొద్దటి సంది ఏం నడిపిస్తున్నవమ్మా? నాలుగు దుకాణాలు ఆగిపోయినయ్" అన్నాను.

"నువ్వేనా అన్నా ఆపుతున్నది? లైనే పోతున్నదనుకున్న. నీకు చేస్తే ఫోన్ బిజీ వస్తున్నది. జర గిదొక్కటి ఆపకు."

అప్పుడు విషయం చెప్పింది. సోమక్క అని, మూడెకరాలు కౌలుకు చేసే మనిషి, మొదటి వానకే పత్తి గింజలు పెట్టింది. తొమ్మిది రోజులైనా మొలక లేదు. సాళ్లు తవ్వి, కుళ్లిన గింజలను గుప్పెట్లో పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఒకే విడతలో తయారైన ప్యాకెట్లన్నిటి మీదా ఒకే లాట్ నంబరు ఉంటుంది. సుజాత అదే లాటు ప్యాకెట్ విప్పి చూస్తే అందులోని గింజలూ లోపల పప్పులేని తాలే.

"గీ లాటు ఇంకెవరెవరికి పోయిందో తెల్వాలె అన్నా. రాత్రి వాన పడ్డది. అందరు ఇయ్యాల రేపట్ల గింజ పెడ్తరు."

పక్కనే ఉన్న సోమక్క ఫోన్ తీసుకుంది. "బిడ్డా, నాదెట్లాగు పోయింది. మిగిలినోళ్లకన్న చెప్పుండ్రి" అంది.

తప్పు నాదే. ఆ రిపోర్టు తెర తయారుచేసింది నేను. అందులో లాట్ నంబరుతో వెతికే వీలు పెట్టలేదు. సుజాతకు వేరే దారి లేక, అన్ని శాఖల్లో ఏళ్ల తరబడి కొట్టిన బిల్లులన్నీ అడిగింది. అందుకే సర్వర్ ఊపిరాడక కూర్చుంది.

ఆ జాబ్‌ను ఈసారి ఆపలేదు. దాని ప్రయారిటీ, అంటే వరుసలో దాని స్థానం, అట్టడుగుకు తగ్గించాను. బిల్లులు ముందు, రిపోర్టు వెనుక. కౌంటర్లు కదిలాయి. ఆ తర్వాత ముందురోజు తీసిన బ్యాకప్‌ను, అంటే సమాచారం నకలును, పక్కనున్న పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ సీజన్ బిల్లుల్లో ఆ ఒక్క లాటును మాత్రమే వెతికాను. అరగంటలో అరవై రెండు పేర్లు ఫోన్ నంబర్లతో సహా వచ్చాయి. నకలులో లేని ఆనాటి బిల్లులను శాఖలవాళ్లు చేత్తో తిరగేశారు. సుజాతకు చెప్పి అసలు జాబ్ అప్పుడు ఆపాను.

జాబితా పట్టుకుని సంస్థ యజమాని, మా సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన, ముందు రైతులకు చెప్పండి, విత్తన కంపెనీతో నేను మాట్లాడతానన్నారు. నాలుగు శాఖల్లోనూ తలా కొన్ని నంబర్లు పంచుకుని ఫోన్లు చేశాం. తొమ్మిది మంది అప్పటికే గింజ పెట్టేశారు. మిగిలినవాళ్లు ప్యాకెట్లు తెచ్చి వేరే లాటు తీసుకెళ్లారు. గింజ పెట్టేసినవాళ్లకూ, సోమక్కకూ కొత్త ప్యాకెట్లు ఇచ్చారు. నేలలో తడి ఆరకముందే ఆమె మళ్లీ గింజ పెట్టింది. మొదటిసారి పడ్డ కష్టం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

సాయంత్రం సుజాతకు ఫోన్ చేసి, అడగకుండా రెండుసార్లు ఆపినందుకు క్షమించమన్నాను. "నీకెట్ల తెలుస్తది అన్నా, అక్కడ జాబ్ నంబరే కనబడ్తది గద" అంది.

ఆ వారమే రిపోర్టు తెరలో లాట్ నంబరు పెట్టాను. ఇప్పుడు ఏ జాబ్ దారి తప్పినా ముందు అది ఎవరిదో చూసి ఫోన్ చేస్తాను. అవతలివాళ్లు చెప్పేది విన్నాకే చెయ్యి కీబోర్డు మీదికి పోతుంది.

ఆ రోజు సర్వర్‌ను నేను కాపాడానని మా సార్ చాలామందికి చెప్పారు. నేను చేసింది రెండుసార్లు ఆపడం. విసుక్కోకుండా మూడోసారి మొదలుపెట్టింది సుజాత. ఆమె అక్కడితో వదిలేసి ఉంటే అరవై రెండు చేలల్లో ఏం జరిగేదో తెలియకుండా, పని చక్కగా చేశాననుకుంటూ నేను ఇంటికి వెళ్లిపోయేవాడిని.