టేకు కంబం మీది ఎరుపు

పదిహేనేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, ఇది మాత్రం లోపలికి దిగదు, బయటికీ రాదు. మా ఇంటిదానికి చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, చెబితే ఆయన ఏమీ చెయ్యడేమోనని భయం. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. ఆ పేరు కోసమే నేను ఇదంతా చేశాను, అందుకే ఇక్కడ రాయను.

నేను వడ్రంగిని. దోర్నపాల్‌లో రోడ్డు పక్కనే నా కొట్టం. తలుపులు, మంచాలు, నాగళ్ళు చేస్తాను. మాది తెలుగే అయినా, అడవి లోపలి ఊళ్ళవాళ్ళకి మా నాన్న కాలం నుంచీ కంబాలు చెక్కేది మేమే. అక్కడ ఇంట్లో మనిషి పోతే ఊరి బయట ఒక టేకు కంబం నాటుతారు. పైన పిట్టనో నెమలినో పెట్టి, కింద ఆ మనిషి బతుకంతా చెక్కించుకుంటారు. ఎడ్లున్నవాడికి ఎడ్లు, వేటాడినవాడికి విల్లు. నాటిన రోజు కోడిని కోసి, కంబం మొదలు దగ్గర సారా పోసి, చెక్కినవాడి భుజం మీద కొత్త తువ్వాలు వేస్తారు. అప్పుడు చెక్కినవాడు అందరూ వినేలా ఒక మాట అనాలి. ఇగ ఇది కర్ర కాదు, మీ మనిషి. ఆ మాట అన్నాక మా ఇనుము దాన్ని తాకకూడదు. బాడిస గానీ, ఉలి గానీ, రంపం గానీ. ఎన్ని ఊళ్ళలో అన్నానో ఆ మాట. నోటికి అలవాటైపోయింది. అలవాటైన మాటకి కూడా అర్థం ఉంటుందని మరిచిపోయాను.

భేజ్జి దాటి లోపల ఒక ఊళ్ళో ఉంగ అనేవాడు ఉండేవాడు. పైన కొండల్లో ఇనుపరాయి గనులకి కూలికి పోయాడు. రాయి మోసే లారీ వెనక్కి వస్తూ వాడిని తొక్కేసింది. ఒంటి మీది గుడ్డని బట్టి గుర్తుపట్టి తెచ్చుకున్నారు. వాడి పెళ్ళాం దేవె నా కొట్టానికి నడిచి వచ్చింది. ఎడ్లు చెక్కనా అని అడిగితే లారీ చెక్కమంది, ఆఖరికి వాడు చూసింది అదేనంది. చెక్కాను. పైన పిట్ట, దాని కింద ఉంగ, ఉంగ కింద లారీ. చక్రాల బోల్టులతో సహా దించాను. నా జన్మలో అంత మంచి పని మళ్ళీ చెయ్యలేదు.

తరువాత రెండేళ్ళకి ఆ ఊరిని తగలబెట్టారు. ఎవరు అని అడగొద్దు. ఆ రోజుల్లో తుపాకులు సర్కారు వైపూ అడవి వైపూ రెండు వైపులా ఉండేవి, కాలేవి మాత్రం గుడిసెలే. ఒక ముసలాయనని గుమ్మంలోనే నరికారు. ఆయన మంచం నేను చేసిందే. మిగిలినవాళ్ళు ఎర్రబోరు దగ్గర రోడ్డు మీద సర్కారు వేసిన క్యాంపుకి చేరారు. కంబాలు ఊరి బయట ఉన్నాయి కాబట్టి కాలలేదు.

అప్పుడే ఢిల్లీ సాబ్ వచ్చాడు. బొమ్మలు కొని అమ్మే మనిషి. నా కొట్టంలో గోడకి అంటించిన ఉంగ కంబం ఫోటో చూసి అక్కడే నిలబడిపోయాడు. దేశదేశాలవాళ్ళు వచ్చే పెద్ద బొమ్మల మేళా ఢిల్లీలో జరుగుతుందట, ఈ కాలపు కళ అంటే ఇదేనట, పిట్ట కింద లారీ. అలాంటిది ఒకటి చెయ్యమన్నాడు. రెండు చేశాను. రెండూ కాలితో పక్కకి నెట్టాడు. ఎండా వానా తిన్న కర్ర కావాలి, ఇవి కొత్త మంచం కోళ్ళలా ఉన్నాయన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఉండగానే అన్నాడు, ఆ పాతదే పట్టుకురా, గోడ మీద నీ పేరు రాయిస్తాను, దాని పక్కన నువ్వే నిలబడుదువు గానీ అని.

ఇరవై ఏళ్ళు తలుపులు చేశాను. ఒక్క తలుపు మీద కూడా ఎవరూ నా పేరు రాయలేదు. మీరైతే ఏం చేసేవారు? వద్దు, చెప్పకండి. నా చేత్తో చెక్కింది నాదే కదా అనుకున్నాను. ఊరే లేదు, ఇక కంబం ఎవరిదిలే అనుకున్నాను. ఇలాంటి మాటలు మనిషి తనకి తాను ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా చెప్పుకుంటాడో మీకూ తెలిసే ఉంటుంది, ఎదుటివాడు చెబితే చెంప పగలగొట్టాలనిపించే మాటలే అవి.

ఎండాకాలం, పొద్దున్నే. అరువు ఎడ్లబండి కట్టుకుని పోయాను. కాలిన దూలాల మధ్య నుంచి తోలుతుంటే ఎడ్లు బెదిరాయి, నేను బెదరలేదు. కంబం మొదట్లో రంపం పెట్టాను. సగం కోసేసరికి వెనక బుట్ట పడిన చప్పుడైంది. దేవె. ఇప్పపూలు ఏరుకోవడానికి క్యాంపు నుంచి నడిచి వచ్చింది.

"ఏంది వడ్లన్నా? ఏం చేస్తున్నవ్?"

"క్యాంపు కాడ నాటుతం. ఈడ ఉంటే ఇది గూడ కాలబెడతరు," అన్నాను. నాలుక ఎంత తేలిగ్గా తిరిగిందో.

"నాటేటోడు తవ్వి తీస్తడు గద అన్నా. కోస్తడా?"

"నేను చెక్కిందే ఇది. తప్పుకో," అన్నాను.

"నువ్వే గద అన్నవ్, ఇగ ఇది కర్ర కాదు, మీ మనిషి అని. నా మనిషిని కోస్తున్నవ్ అన్నా."

వచ్చి కంబాన్ని రెండు చేతులా వాటేసుకుంది. లాగాను. రాలేదు. జుట్టు పట్టి లాగాను. నా ముంజేతిని కండ ఊడేలా కొరికింది. అప్పుడు బండిలోంచి గొడ్డలి తీసి, తిరగేసి పట్టుకుని, లారీ బొమ్మ మీద ఉన్న ఆమె కుడి చేతి మీద కొట్టాను. ఎముకలు విరిగిన చప్పుడు ఎండుపుల్లలు విరిగినట్టే ఉంటుంది. ఆమె వదల్లేదు. మళ్ళీ కొట్టాను. ఇది రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. మొదటి దెబ్బ కోపం అనుకోవచ్చు, కొరికింది కాబట్టి అనుకోవచ్చు, ఏదో ఒకటి అనుకుని పక్కకి తిరిగి పడుకోవచ్చు. రెండోది ఏమిటి? రెండోసారి గొడ్డలి ఎత్తినప్పుడు నాకు అన్నీ కనబడుతూనే ఉన్నాయి. నలిగిన వేళ్ళు, తెరుచుకున్న నోరు, చెదిరిన ఇప్పపూలు. చూస్తూనే కొట్టాను. నెత్తురు కారి చక్రాల గీతలన్నీ నిండాయి.

ఆమె పడిపోయాక మిగతా సగం కోశాను. అవును, కోశాను. రంపం బిగుసుకోకుండా మధ్యలో చెక్కముక్క దోపి మరీ కోశాను. కంబాన్ని బండిలో వేసుకున్నాను. ఆమెని అక్కడే వదిలేశాను.

పూలకి వచ్చిన వేరే ఆడవాళ్ళు ఆమెని మోసుకుపోయారట. ఆ చేతికి బొటనవేలు తప్ప ఏమీ పనికిరాలేదు. ఎవరు కొట్టారని క్యాంపులో పదిమంది అడిగారు. ఆ రోజుల్లో ఒక పేరు నోట్లోంచి జారితే చాలు, ఆ పేరు గలవాడి శవం రోడ్డు మీద కనబడేది. అలాంటివి ఆమె కళ్ళారా చూసింది. చూసింది కాబట్టే కావచ్చు, నా పేరు చెప్పలేదు. ఎవరో చూడలేదని చెప్పిందట. ఇంకో ప్రాణం పోవడం ఇష్టం లేకనా? నా ఇంట్లో పిల్లలున్నారనా? నన్ను క్షమించిందని మాత్రం అనుకోకండి. కొన్నాళ్ళు నేనూ అలా అనుకోబోయాను, నిద్ర పట్టడం కోసం. ఆమె నా పేరు దాచిందని తెలిసిన రోజు నేనేం చేశానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. అనుకుని, గోడ మీద పేరు చూసుకోవడానికి ఢిల్లీ రైలెక్కాను.

మేళా అంటే మన సంతలా ఉంటుందనుకున్నాను. అరుపులే లేవు. తెల్ల గోడలు, చల్లటి గాలి, గాజు గ్లాసులు పట్టుకుని మెల్లగా నడిచే మనుషులు. ఒకచోట విరగ్గొట్టిన కుర్చీలు కుప్ప పోశారు, అదీ కళేనట. విరిగిన కీళ్ళు చూసి నా చేతులు దురద పెట్టాయి. ఇంకోచోట టీవీలో ఒకామె ఏడుస్తూనే ఉంది, జనం కాసేపు చూసి వెళ్ళిపోతున్నారు. కంబాన్ని ఇనుప పీట మీద నిలబెట్టి పైనుంచి దీపం వేశారు. పక్కన గోడ మీద నా పేరు, హిందీలో, ఇంగ్లీషులో. ఉంగ పేరు లేదు. దేవె పేరు లేదు. దాచుకోవడం ఎందుకు, ఒక గంటసేపు మురిసిపోయాను.

తరువాత ఒకమ్మాయి వచ్చింది. చేతిలో చిన్న పుస్తకం, ఏదో రాసుకుంటోంది. కంబం చుట్టూ రెండుసార్లు తిరిగి లారీ దగ్గర వంగింది. చక్రాల గీతల్లో ఎండిపోయిన ఎరుపు మీద వేలు పెట్టింది. నా ముంజేయి భగ్గుమంది. ఈ ఎరుపు చాలా బాగుంది దాదా, ఏ రంగు ఇది, అని హిందీలో అడిగింది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. అక్కడ తుపాకులు లేవు, నన్ను చంపేవాళ్ళు లేరు. వేగిస బెరడు రసం అన్నాను. వేగిస చెట్టుని నరికితే నిజంగానే ఎర్రటి రసం కారుతుంది. కానీ చచ్చినవాళ్ళ కంబానికి మా దిక్కున ఎవరూ దాన్ని పూయరు. అబద్ధంలో కూడా పనితనం చూపించాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. సాబ్ నా భుజం తట్టాడు. ఆ కంబాన్నే ఎత్తి ఆ గాజులన్నీ, ఆ దీపాలన్నీ, సాబ్ తలకాయతో సహా పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. అందరితో కలిసి ఫోటో దిగాను.

కంబాన్ని ఎవరో కొన్నారు. ఏ దేశం పోయిందో తెలియదు. ఏ ఇంట్లోనో ఉంగ నిలబడి ఉన్నాడు. వాడి ముందు సారా పోసేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

దేవె వాళ్ళు మళ్ళీ ఊరు చేరుకున్నారు. కంబం ఉన్నచోట నేను కోయగా మిగిలిన మొద్దు అలాగే ఉందట, మోకాలి ఎత్తున. ఏటా దాని ముందే కోడిని కోస్తుందట. దోర్నపాల్ సంతకి వస్తుంది. ఇప్పపూలు ఎడమ చేత్తో కొలిచి, మూట ముడి పళ్ళతో బిగిస్తుంది. కనబడితే నేను తేలు కుట్టిన దొంగలా పక్కకి తప్పుకుంటాను. ఒకసారి తప్పుకోవడానికి చోటు లేకపోయింది. ఆమె నా ముఖం చూడలేదు. నా ముంజేతి మీద తన పళ్ళ మచ్చ చూసింది. చూసి, గోనె సర్దుకుని కూర్చుంది.

ఆమె దగ్గరికి పోయి ఒప్పుకో అంటారా? ఆమెకి తెలియనిది నా దగ్గర ఏముంది? కొత్త కంబం చెక్కి ఇవ్వు అంటారా? చెక్కుతాను సరే, నాటిన రోజు ఆ మాట ఏ నోటితో అనాలి? తెలియనిది ఢిల్లీలో రంగు అడిగిన ఆ అమ్మాయి ఒక్కదానికే. ఆ చిన్న పుస్తకంలో నా పేరు పక్కన నా అబద్ధం ఇంకా అలాగే ఉండి ఉంటుంది. ఇది ఆమె చేతికి చేరుతుందో లేదో. మీరైనా చదివారు, గొంతు కొంచెం తెరిపిన పడింది, అంతకంటే నాకు రావలసింది ఏమీ లేదు.

అమ్మా, ఆ రోజు నువ్వు వేలు పెట్టింది వేగిస రసం మీద కాదు. అది దేవె నెత్తురు. రెండుసార్లు కొట్టాను.