బుడగ మేడమ్, ఈటె దిగిన చోటు

పాలిటెక్నిక్ కాలేజీ సర్వే ల్యాబులో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. నోళ్ళలో మాత్రం ఆవిడ బుడగ మేడమ్. కొలిచే పరికరాన్ని స్టాండు మీద బిగించాక, అది మట్టంగా ఉందో లేదో చెప్పడానికి చిన్న గాజు బిళ్ళలో ఒక గాలి బుడగ ఉంటుంది. ఆ బుడగ నడిమధ్యకు వచ్చి నిలిచేదాకా ఆవిడ ఎవర్నీ పరికరానికి కన్ను ఆనించనిచ్చేది కాదు. "బుడగ చూశావా? ముందు బుడగ చూడు" అని పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఎప్పుడో చదువు ముగించి పెళ్ళిళ్ళు చేసుకుని, పొట్టలు పెంచుకున్న పాత విద్యార్థులు కూడా రోడ్డు మీద కనబడితే, "బుడగ బావుందా మేడమ్?" అని పలకరించేవారు.

"నాకన్నా బావుంది నాయనా" అనేది ఆవిడ.

ఆవిడ చదువుకునే రోజుల్లో ఆ శాఖలో ఆడపిల్ల తనొక్కతే. అప్పటి పరికరాల్లో లోకం తలకిందులుగా కనబడేది. మొదటిసారి కన్ను ఆనించిన రోజున నేల పైకి పోయింది, ఆకాశం కిందికి వచ్చింది. ఆ నేలకు కాళ్ళు అతికించుకుని వేలాడుతూ ఒక మనిషి సైకిలు నడిపించుకుంటూ నెమ్మదిగా దాటిపోయాడు. గంట మోగించినట్టు వేలు కదిలింది గాని, ఆ మోత ఆవిడ దాకా రాలేదు. నలుపు అంచున్న ఆ గుండ్రటి వెలుగులో అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది. వెనక నిలబడ్డవాళ్ళు "మా వంతు, మా వంతు" అని గోల చేస్తున్నా ఆవిడ కన్ను తియ్యలేదు. తర్వాత చాలా ఏళ్ళు కలల్లో మనుషులు ఆవిడకు తలకిందులుగానే వచ్చేవారు. కలలో అది వింతగా కూడా ఉండేది కాదట.

తర్వాత లోకాన్ని తిన్నగా చూపించే పరికరాలు వచ్చాయి. ఆవిడ కాలవలు కొలిచింది, ప్రహరీ గోడలు కొలిచింది, మురుగు నీళ్ళు ఎటు వాలితే పారతాయో కొలిచింది. జనం చప్పట్లు కొట్టే చోట ఏదీ కొలవలేదు.

ఆవిడ రిటైరవడానికి ముందు ఏడు ఆ ఊళ్ళో పెద్ద ఎత్తున ఆటల పోటీలు వచ్చాయి. ఇరవై పైచిలుకు దేశాల నుంచి ఆటగాళ్ళు. ఒకరోజు ప్రిన్సిపాల్ ఆవిడను పిలిచి, "గుండూ, ఈటే, సుత్తీ విసిరే పోటీల్లో దూరాలు కొలవడానికి మన కాలేజీని అడిగారు. మీరూ, ఆరుగురు పిల్లలూ వెళ్ళాలి" అన్నాడు.

"నాకు ఆటల్లో ఓనమాలు కూడా తెలియవండీ."

"ఆటతో మీకేం పని? మీ పని దూరంతోనే కదా."

ఇంట్లో ఆ మాట చెప్పేసరికి ఆవిడ భర్త తింటున్న పళ్ళెం పక్కన పెట్టేశాడు. ఆయన ముప్పై అయిదేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆటలంటే చెవి కోసుకుంటాడు. ఏ దేశంలో ఎవరు ఏం విసిరినా, ఎవరు ఎక్కడ పరిగెత్తినా ఆయనకు తెలియాల్సిందే.

"టీవీకి అతుక్కుపోయిన నన్ను వదిలేసి, ఈటెకీ బట్టలారేసే గెడకీ తేడా తెలియని నిన్ను మైదానంలోకి పిలుస్తారా! వరాలు కూడా అడ్రసు తప్పుతాయన్నమాట" అని నిట్టూర్చాడు.

రెండు నెలలు కాలేజీ మైదానంలో పిల్లలకు తర్ఫీదు నడిచింది. ఈటెలు లేవు కాబట్టి పరదా కడ్డీ విసిరేవారు. అది దిగిన చోట జానెడు రాడ్డు నిలబెట్టాలి. రాడ్డు తల మీద గాజు ప్రిజం ఉంటుంది. మైదానం పక్కనున్న పరికరంలోంచి కంటికి కనబడని వెలుతురు బయల్దేరి, ఆ గాజును తాకి తిరిగొస్తుంది. వచ్చేసరికి దూరం అంకెల్లో పడుతుంది. రాడ్డు నిలువుగా ఉంటేనే ఆ అంకె నిజం.

ప్రిజం పట్టుకునే పని నిచ్చెన అని అందరూ పిలిచే రెండో సంవత్సరం అమ్మాయికి దక్కింది. మనిషి చాలా పొడుగు. కాళ్ళు ఒకచోట నిలవవు, నోరు అంతకన్నా నిలవదు. అయినా పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, మంచులో తడిసిన గడ్డి మీద చెప్పులు విడిచి నిలబడేది. "మేడమ్, ఇక్కడేనా? ఇంకొంచెం ఇటా?" అని దూరం నుంచి అరిచేది. పరికరంలోంచి చూస్తే ఆ అమ్మాయి పెదవులు ముందు కదిలేవి, మాట రెప్పపాటు తర్వాత చెవిన పడేది. బుడగ మేడమ్‌కు అది ఎందుకో ఎంతో ఇష్టంగా ఉండేది.

పోటీలు మొదలయ్యాయి. స్టేడియం కింద గచ్చు దారుల్లో వాళ్ళకొక గది ఇచ్చారు. తలకు టోపీ, ఒంటికి పొట్టి కోటు, మెడలో కార్డు. పక్క గదుల్లో నర్సింగ్ కాలేజీ పిల్లలు పట్టీలు చుడుతూ, హోటల్ కాలేజీ పిల్లలు మంచినీళ్ళ సీసాలు సర్దుతూ ఉండేవారు. అందరూ గుసగుసగానే మాట్లాడుకునేవారు, పైన ఎవరో పెద్దాయన నిద్రపోతున్నట్టు. తలుపు తెరిచి మైదానంలోకి అడుగు పెట్టగానే వెలుతురూ హోరూ ఒక్కసారిగా మీద పడేవి.

నాలుగు రోజులు ఆవిడ ఆ హోరు మధ్యనే ఉంది గాని, ఆ పోటీల్లో దేన్నీ చూడలేదు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గాజుకు ఆనిస్తే, ఆవిడకు దక్కేది పళ్ళెమంత గడ్డి. ఆ గడ్డిలో ఎక్కడి నుంచో ఒక ఈటె వచ్చి దిగి, తోక వణికిస్తూ నిలిచేది. విసిరిన మనిషి ఎవరో, గెలిచారో ఓడారో తెలియదు. నిచ్చెన బూట్లు వచ్చేవి, రాడ్డు నిలిచేది, ఆవిడ మీట నొక్కేది. గడ్డి పరకల మీద ఎండ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉండేది. ఒకసారి ఒక సీతాకోకచిలుక వచ్చి ప్రిజం మీద వాలింది. వేలమంది అరుస్తున్నా అది రెక్కలు ముడుచుకుని తాపీగా కూర్చుంది. అది లేచిపోయేదాకా ఆవిడ మీట నొక్కలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త గుమ్మంలోనే పట్టుకునేవాడు. "గుండు విసిరే ఆయన మూడో విసురు చూశావా? మనిషా, కొండా?"

"చూడలేదండీ."

"అంత దగ్గర నిలబడి మరేం చూశావు?"

"గడ్డి చూశాను. ఎంత బావుందో!"

ఆయన తల పట్టుకునేవాడు. అప్పుడు మైదానంలో ఆ రోజు ఏం జరిగిందో ఆయనే ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆవిడ కాళ్ళు చాపుకుని కథ విన్నట్టు వినేది.

అయిదో రోజు మధ్యాహ్నం ఆడవాళ్ళ ఈటె ఫైనల్. పోటీలో ఆ ఊరి అమ్మాయి ఒకర్తె ఉంది. స్టేడియమంతా ఆ పిల్ల కోసమే నిండింది. ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన అమ్మాయి అరవై రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లతో ముందుంది. అయిదో విసురులో ఊరి అమ్మాయి ఈటె వదిలింది. హోరు ముందు సన్నగా లేచి, ఈటెతో పాటు పెరిగి, అది నేలను తాకగానే విరుచుకుపడింది.

నిచ్చెన పరిగెత్తింది, రాడ్డు నిలబెట్టింది. మేడమ్ గురి చూసి మీట నొక్కింది. అరవై రెండు మీటర్ల నలభై ఒక్క సెంటీమీటర్లు. అంకె బోర్డు మీద వెలిగింది. జనం కుర్చీల మీదికెక్కి గంతులేస్తున్నారు.

ఆవిడ ఇంకా గాజులోంచి కన్ను తియ్యలేదు. అందులో నడిమధ్యన సన్నటి నిలువు గీత ఒకటి ఉంటుంది. రాడ్డు ఆ గీతకు అంటుకుని లేదు. కింద తాకుతోంది, పైన తొలగింది. నిచ్చెన మొహం జనం వైపు తిరిగి ఉంది. ఆ మొహంలో ఆనందం పట్టలేకపోతోంది, చెయ్యి దాంతో పాటు ఒరిగిపోయింది.

ఎవరూ చూడలేదు. చూడగలిగిన కన్ను ఆ మైదానంలో ఇంకోటి లేదు. ఒక్క క్షణం ఆవిడకు అంతా మళ్ళీ నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు, ఏ చప్పుడూ చేరని చోట తనొక్కతే ఉన్నట్టు అనిపించింది. కన్ను తీసేస్తే సరిపోయేది. ఆవిడ చెయ్యెత్తింది.

"నిచ్చెనా, కదలకు! రాడ్డు తియ్యకు!"

విసుర్ల పెద్ద జడ్జి, తెల్ల మీసాల ఆయన, గబగబా వచ్చాడు. "ఏమైందమ్మా?"

"రాడ్డు ఒరిగిందండీ. మళ్ళీ కొలవాలి."

"బోర్డు మీద పడిపోయింది కదమ్మా!"

"పడితే పడింది. గుర్తు ఇంకా నేలలోనే ఉంది."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు, జనంలోకి చూశాడు, లోపలికి ఊపిరి పీల్చి తలూపాడు. నిచ్చెన రెండు చేతులతో రాడ్డును నిలువుగా పట్టుకుంది. ఈసారి గీతకు అంటుకుంది. అరవై రెండు మీటర్ల ముప్పై ఎనిమిది. బోర్డు మీద అంకె మారింది. అన్ని వేల గొంతుల్లోంచి ఒక్కటే మూలుగు వచ్చింది. ఊరి అమ్మాయి ఆఖరి విసురు దానికన్నా దగ్గరలోనే పడింది. రెండో స్థానం.

కింద గదిలో నిచ్చెన వెక్కివెక్కి ఏడ్చింది. "నావల్లే మేడమ్. జనం వైపు చూశాను."

"చూడవూ మరి? నీ వయసులో నేనైనా చూసేదాన్ని. మీట నొక్కే ముందు రాడ్డు చూసుకోవలసింది నేను" అంది ఆవిడ. జడ్జి అడిగిన కాగితం మీద కూడా అదే రాసి సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి భర్త టీవీ కట్టేసి కూర్చున్నాడు. "ఎవరో టోపీ మనిషి చెయ్యూపి ఆపేసింది. ఎవర్రా ఈ మహాతల్లి అని నోటికొచ్చినట్టు తిట్టాను. తీరా దగ్గరగా చూపిస్తే నువ్వు."

"తెలిశాక?"

"తెలిశాక ఇంకోసారి తిట్టాను." గొంతు తగ్గించాడు. "కానీ స్టాపు దాటి నాలుగు గజాలు ముందుకు పోయి బస్సు ఆపామనుకో, పరిగెత్తుకొచ్చే ముసలావిడకి ఆ నాలుగు గజాలూ నాలుగు మైళ్ళే. ఆ దూరదేశం పిల్లకీ ఇంట్లో ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు కదా. పద, చల్లారిపోతోంది, తిందువుగాని."

మర్నాడు పోటీలకు ఆఖరి రోజు. ఆవిడ పెందలాడే నిచ్చెనను వెంటబెట్టుకుని మైదానానికి వెళ్ళింది. కుర్చీలన్నీ ఖాళీ. పరికరం మట్టం చేస్తుంటే వెనక చెప్పుల చప్పుడైంది. నిన్న రెండో స్థానంలో మిగిలిన ఊరి అమ్మాయే. భుజానికి కట్టు ఉంది, నిద్రలేని కళ్ళు. నిచ్చెన బిగుసుకుపోయింది.

"నిన్న ఆపింది మీరేనాండీ?"

"నేనేనమ్మా."

"నిజంగా ముప్పై ఎనిమిదేనా?"

"ముప్పై ఎనిమిది దాటి ఇంకొంచెం ఉంది. సెంటీమీటరుకు తక్కువైతే లెక్కలోకి రాదు, వదిలేస్తారు."

"వదిలేసింది ఎంత?"

ఆవిడ నోటుబుక్కు తిప్పి చూసింది. "ఏడు మిల్లీమీటర్లు."

ఆ పిల్ల మొహంలో కోపం వస్తుందనుకుంది. నవ్వు వచ్చింది, అదీ చిన్నపిల్ల నవ్వు. "అయితే అవి ఎవరికీ తెలియవు. నాకొక్కదానికే."

"మా ఇద్దరికీ తెలుసులే" అంది నిచ్చెన ఉండబట్టలేక.

"ఆ చోటు చూడాలనుంది. పొద్దున వెతికాను, గుంట పూడ్చేశారు."

"పూడిస్తే ఏం? ఎటు తిప్పాలో, ఎంత దూరమో పుస్తకంలో ఉంది" అంది బుడగ మేడమ్. పరికరాన్ని నేలలో దిగేసిన నిన్నటి గుర్తు మేకుకు సరిగ్గా పైకి తెచ్చి, కోణం తిప్పి, నిచ్చెనను ప్రిజంతో గడ్డిలోకి పంపింది. "ముందుకు రా. ఇంకా. ఎడమకు, బెత్తెడు. వెనక్కి వేలెడు. ఆగు!"

ఆ అమ్మాయి పచ్చిక మీద నడుచుకుంటూ వెళ్ళి, నిచ్చెన చూపిన చోట వేలు ఆనించింది. తర్వాత లేచి, తను ఈటె వదిలిన గీత వైపు తిరిగి చూసింది. ఎన్ని వేలసార్లు విసిరినా, దిగిన చోట నిలబడి వెనక్కి చూడడం ఆ పిల్లకు ఎప్పుడూ తోచలేదట.

"ఇంత దూరమా!" అని అరిచింది. "అక్కణ్ణుంచి చూస్తే ఇది పక్కనే ఉన్నట్టుంటుందండీ!"

గాజులో ఆ పెదవులు ముందు కదిలాయి, మాట తర్వాత వచ్చింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి, ఆ ఇద్దరమ్మాయిల నీడలు గడ్డి మీద సన్నగా, చాలా పొడుగ్గా సాగాయి. ఆవిడ కన్ను తియ్యకుండా చూస్తూ ఉండిపోయింది. కొలవడానికి ఏమీ లేదు, ఊరికే చూస్తోంది.

ఇంతలో మైదానం తడిపే గొట్టాలు బుస్సుమని లేచాయి. నాలుగు వైపులా నీళ్ళు. ఆడపిల్లలిద్దరూ కెవ్వుమని పరుగు. ఆవిడ తన కోటు విప్పి పరికరానికి కప్పి, దాన్ని చంటిబిడ్డలా వాటేసుకుని నిలువెల్లా తడిసిపోయింది. ముగ్గురూ గోడవారకు చేరి ఆయాసపడుతూ, ఒకర్నొకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. కాసేపటికి ఆ అమ్మాయి జుట్టు పిండుకుని, "వెళ్ళొస్తానండీ" అని గేటు వైపు నడిచింది.

ఆ పొద్దున సుత్తి విసిరే పోటీ సమయానికే మొదలైంది. మూడో విసురు అయ్యేసరికి ఆవిడ బట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. మరుసటి ఏడు ఆవిడ రిటైరైంది. నిచ్చెన ఇప్పుడు ఒక పెద్ద నది మీద కడుతున్న వంతెన దగ్గర కొలతల పనిలో ఉంది.