జాక్సన్ ఏరిన పురుగులు

కంచరపాలెంలో స్కూటర్లు బాగుచేసే జాక్సన్‌ను సాయం అడగడానికి బంధువులు జంకుతారు. చేయడని కాదు, మరీ ఎక్కువ చేస్తాడని. కుళాయి కారుతోందంటే గోడంతా తవ్విపెట్టే రకం.

అతని బావ మైఖేల్ స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, ఉక్కునగరంలో ఉంటాడు. పద్మనాభంలో ఆయనకో చిన్న నిమ్మతోట ఉంది. ఆ ఏడు కొమ్మలకు దూది అంటించినట్టు పిండినల్లి పట్టింది. మందు కొడితే నల్లితోపాటు దాన్ని తినే మంచి పురుగులూ పోతాయని విని, మైఖేల్ నల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగులను తెప్పించి చెట్ల మీద వదిలాడు. తర్వాత షిఫ్టులు కుదరక, "మందు మాత్రం కొట్టకు. ఓపాలి సూసిరా" అని జాక్సన్‌ను పంపాడు.

జాక్సన్ చూశాడు. నల్లి ఎక్కడిదక్కడే పడి ఉంది. వాటి మధ్య అంతకంటే పెద్దవి, తెల్లటి కుచ్చులతో చురుగ్గా పాకుతున్నాయి. ముఠా నాయకులు ఇవేనని తేల్చుకుని, ముళ్లకు చేతులు గీరుకుపోతున్నా పొద్దుగూకే దాకా ఏరి సీసాలో వేశాడు. అట్నుంచటే ఉక్కునగరం వచ్చి, సీసా బల్లమీద పెట్టాడు.

"మందు కొట్టలేదు బావా. పెద్దవన్నీ ఏరీసాను. సిన్నవి ఎలాగూ కదల్లేవని ఒగ్గీసాను."

మైఖేల్ సీసా ఎత్తి చూసి కూర్చుండిపోయాడు.

"ఒరే, ఇవి మన పురుగుల పిల్లల్రా."

"మనవేటి? మనవి నల్లగా, నారింజ తలతో ఉంటాయన్నావు గదా."

"పెద్దయ్యాక అలగుంటాయి. పిల్లప్పుడు నల్లి లాగే తెల్లగుంటాయి."

"ఆ ముక్క ముందే సెప్పాల గదా. ఏసం మార్సుకుని తిరిగితే నానెలా పోల్సుకోను?"

జాక్సన్ అక్క ఫ్లోరా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు జాక్సన్ షాపు తెరవలేదు. సీసాలో బతికున్నవాటిని తోటకు తీసుకెళ్లి, పెయింటు కుంచెతో ఒక్కొక్కటే కొమ్మలకు ఎక్కించాడు. ఆదివారం చర్చిలో లేచి, బావ తోటలో పురుగుల కోసం ప్రార్థన చేయమన్నాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని, అవన్నీ నశించిపోవాలని మొదలుపెట్టారు.

"నశించడం కాదయ్యా," అని జాక్సన్ కంగారుగా అడ్డొచ్చాడు. "ఆకలి బాగా ఎయ్యాల."

ఆకలి వేసింది కాబోలు, వానలు పడేసరికి కొమ్మల మీద తెలుపు చాలావరకు పోయింది. ఇప్పుడు జాక్సన్ తోటలో దేన్నీ ముట్టుకోడు. ఆకు మీద ఏది కనిపించినా ఫోటో తీసి, మనదా కాదా అని బావను అడుగుతాడు. మొన్న పంపినదాన్ని చూసి మైఖేల్ ఫోన్లో విసుక్కున్నాడు.

"అది పిట్ట రెట్టరా."

తోటలో ఉన్న జాక్సన్ వంగి ఆకును మళ్లీ చూశాడు.

"రెట్టయితే ఆకెందుకు తింటంది బావా?"

మైఖేల్ లేచి, చెప్పులేసుకుని తోటకు బయల్దేరాడు.